తంగేడెక్కిన తెల్ల సాలీడు

కందిచేను గట్టు మీద పీత సాలీళ్ళ వంశం ఒకటి కాపురముండేది. గూడు అల్లే ఓపిక ఎవరికీ లేదు. పీతల్లా పక్కకి నడవడం, పువ్వులో నక్కి కూర్చోవడం, వాలిన ఈగని పట్టుకోవడం, అంతే వాళ్ళ వృత్తి. పని తక్కువ కాబట్టి శాఖలు మాత్రం బోలెడు. బెరడు మీదవాళ్ళకి గడ్డిలోవాళ్ళంటే చులకన. తెల్లటి తుమ్మిపూలలో కలిసిపోయి ఉండే తెల్ల సాలీడుకైతే అందరూ చులకనే.

ఆ తెల్లావిడ రోజుకో తేనెటీగని పీల్చేసేది. తంగేడు పూసినా అందులో తేనె ఉండదు, తుమ్మి తప్ప ఆ నెల ఎక్కడా తేనె దొరకదు. తేనెపట్టులో పిల్లలు ఆకలికి మాడుతున్నారు. ఆఖరికి ఓ ముసలి తేనెటీగ, అందనంత దూరంలో ఎగురుతూ, పలకరించింది.

"ఏమ్మా పెద్దక్కా, అంతటిదానివి ఈ నేలబారు తుమ్మిలో ఉన్నావేం? తంగేడు పసుపుపూల మీద ఆ పచ్చావిడ ఎంత ఎత్తున కూర్చుందో చూశావా? మీ వంశానికి పెద్ద తనేనట."

"ఏ శాఖో తెలియని ఆ పచ్చదా? నాకు పెద్దా?" తెల్ల సాలీడుకి ఒళ్ళు మండింది.

"గట్టంతా అనుకుంటోంది మరి. నాకెందుకులే తల్లీ."

తెల్ల సాలీడు గబగబా తంగేడెక్కి, "దిగు!" అంది.

పచ్చ సాలీడు తెల్లబోయింది. "ఏంటే చెల్లీ, నన్ను గుర్తుపట్టలేదూ? ఇద్దరం ఒక్క గుడ్లసంచిలోంచే వచ్చాం. నేనూ నీలాగే తెల్లగా ఉండేదాన్ని. పదిహేను రోజులు ఈ పూలలో కూర్చుంటే ఈ రంగు పట్టింది. నువ్వూ ఉండు, కానీ రంగు పట్టేదాకా రేకు కిందే ఉండు. సాలీళ్ళని ఏరుకుతినే తేనెపిట్టలు తిరుగుతున్నాయి."

"నాతో వరసలు కలపడానికి సిగ్గులేదూ? పెద్దరికం రేకు కింద దాక్కుంటుందా?"

పచ్చ సాలీడు పక్క పువ్వుకి జరిగింది. తెల్లావిడ పువ్వు నడిమధ్యన కాళ్ళు చాచుకుని దర్జాగా కూర్చుంది. పసుపులో పడ్డ మెతుకులా గట్టంతటికీ కనబడింది. ఒక్క ఈగ వాలితే ఒట్టు.

"చూశావా? భయంతో ఎవరూ దగ్గరికే రావడం లేదు!" అంది అక్కతో.

తేనెపిట్ట వచ్చింది. దానికి వంశాలూ శాఖలూ తెలియవు. తెల్లగా ఏదో కనబడింది, పొడుచుకు తిని పోయింది.

కింద తుమ్మిపూల మీద తేనెటీగలు గుంపుగా వాలాయి. "ఇవాళ నిదానంగా తాగండే పిల్లలూ," అంది ముసలి తేనెటీగ.

తమ చావు కోరేవాడి పొగడ్త నమ్మి, తోడబుట్టినదాని హెచ్చరిక తోసేసేవాళ్ళ పెద్దరికం పిట్ట వాలేదాకానే.