ఇరవై ఐదు డిగ్రీలు

సుంకమ్మ ఆటో మూడోసారి షెడ్డుకు వచ్చేసరికి ఓబులేసుకు తల కొట్టేసినట్టయింది.

అది కరెంటు ఆటో. చార్జింగ్ పెట్టిన పావుగంటకే ఆగిపోయి, వేడి ఎక్కువైందని ఎర్రలైటు వెలుగుతుంది. ప్లగ్గు దూర్చే చోట వేడిని కనిపెట్టే సెన్సార్ ఒకటి ఉంటుంది. ఓబులేసు దాన్ని రెండుసార్లు మార్చాడు. రెండుసార్లూ అదే కథ.

"సగం చార్జింగుతో ఆస్పత్రికి పోయి రాలేకున్నా నాయనా. నిన్న దోవలోనే నిలబడిపోయింది. కిడ్నీ జబ్బు ముసలాయన్ని ఎండలో కూచోబెట్టినా," అంది సుంకమ్మ. రక్తం శుద్ధి చేయించుకునే నలుగురిని ఆస్పత్రికి తీసుకెళ్లి తెచ్చేది ఆమే.

షెడ్డు ఓబులేసుకు పని నేర్పిన దస్తగిరిది. ఆదోనిలో మెకానిక్కులకు కొదవ లేదు గానీ, అందరూ ఉస్తాద్ అని పిలిచేది ఆయనొక్కణ్ణే. ఒకప్పుడు ఇంజను మీద అరచెయ్యి పెట్టి జబ్బేమిటో చెప్పేవాడు. తర్వాత షుగరు వచ్చింది. ముందు పాదాలకు స్పర్శ పోయింది, తర్వాత చేతులకు. పోయిన ఎండాకాలం చెప్పు జారిపోయిందని కూడా తెలియక తారురోడ్డు మీద నడిచి, రెండు కాలివేళ్లు పోగొట్టుకున్నాడు. ఇప్పుడు టీగ్లాసు కూడా ఓబులేసు తాకి చూసి, చల్లారాకే ఆయన చేతికిస్తాడు.

ఆ సేవ వాడు ప్రేమగానే చేశాడు. కాకపోతే, ఈ షెడ్డుకు ఇక చేతులు నావేనన్న మాట ఎప్పుడో వాడి మనసులో చేరి కూర్చుంది.

ఆ రోజు ఉస్తాద్ కాలికి కట్టు మార్పించుకోవడానికి కర్నూలు వెళ్లాడు. ఓబులేసు సెన్సార్ తీగలు కత్తిరించి, వాటి చివర్లకు బియ్యపు గింజంత రెసిస్టర్ ఒకటి అతికించాడు. ఇక బండి ఎంత కాగినా, మీటరుకు అందేది ఒకే లెక్క. ఆటో గంటల తరబడి ఆగకుండా చార్జింగ్ అయింది. సుంకమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

ఉస్తాద్ మూడు రోజులకు తిరిగొచ్చాడు. ఓబులేసు ఎదురెళ్లి మరీ చెప్పాడు.

"సెన్సార్ ఊరికే అరుస్తాంది ఉస్తాద్. దాని నోరు మూయించినా."

"వేడి ఎందుకయితాందో చూసినావా?"

"వేడే లేదు ఉస్తాద్. ఇరవై ఐదు డిగ్రీలే చూపిస్తాంది."

"ఎప్పుడు చూసినా?"

"ఎప్పుడు చూసినా!"

ఉస్తాద్ సుంకమ్మను పిలిపించమన్నాడు. మర్నాడు మధ్యాహ్నం ఆమె ఆటో తెచ్చింది.

"చార్జింగ్ యాడ పెడతావమ్మా?" అన్నాడు.

"గడప ముందరే తాతా. తెల్లార్లూ పెట్టి వదిలేస్తా. ఉండేది ఒకటే గది. పిల్లోళ్లు గడప లోపలే పండుకుంటారు."

"ఈ పొద్దు ఈడ పెట్టు," అన్నాడు ఉస్తాద్.

ఓబులేసు ప్లగ్గు పెట్టాడు. సుంకమ్మ టీ తాగడానికి పక్క కొట్టుకు వెళ్లింది. ఉస్తాద్ స్టూలు దగ్గరకు లాక్కుని, జబ్బుపడ్డ పిల్లవాడి చెయ్యి పట్టుకున్నట్టు ఆ ప్లగ్గు మీద అరచెయ్యి వేసి కూర్చున్నాడు. ఓబులేసు ఇంకో బండి పనిలో పడ్డాడు.

కాసేపటికి ఉస్తాద్ అడిగాడు. "ఎంత చూపిస్తాందిరా?"

"ఇరవై ఐదు ఉస్తాద్!"

మరికాసేపటికి మళ్లీ అడిగాడు. ఓబులేసు నవ్వుతూ అదే చెప్పాడు. ముసలాయనకు నమ్మకం కుదరడం లేదనుకున్నాడు.

అరగంట గడిచింది. టీ తాగి వచ్చిన సుంకమ్మ గడపలోనే ఆగిపోయి, "అయ్యో, తాతా, చెయ్యి!" అని కేక పెట్టింది.

ఓబులేసు పరుగెత్తుకొచ్చి స్విచ్చి ఆపాడు. ఆయన చెయ్యి పక్కకు తీసి, ప్లగ్గు పట్టుకుని లాగబోయాడు. చురుక్కుమనేసరికి వెంటనే వదిలేశాడు. ఉస్తాద్ అరచెయ్యి బొబ్బలెక్కి తెల్లగా ఉబ్బి ఉంది. ఆయన దాన్ని ఎవరి చెయ్యో అన్నట్టు చూస్తున్నాడు.

"ఎంత చూపిస్తాందిరా?"

ఓబులేసు మీటరు వైపు చూశాడు. "ఇరవై ఐదు," అన్నాడు చివరికి.

"మరింకేం. నాకూ బాగానే ఉండాది."

ఓబులేసు ఏడుస్తూనే సాకెట్ విప్పాడు. లోపల ఒక పిన్ను వదులై నల్లగా మాడిపోయి ఉంది. చుట్టూ ప్లాస్టిక్ కరగడం మొదలుపెట్టింది. వాడు రెండు సెన్సార్లు మార్చాడు గానీ, దీని మీద ఒక్కసారైనా వేలు పెట్టి చూడలేదు. రెండు సెన్సార్లూ నిజమే చెప్పాయి.

సుంకమ్మ నేల మీద కూర్చుండిపోయింది. వాణ్ణి తిట్టలేదు.

"నాలుగు రాత్రులు పెట్టినా ఓబులేసూ," అంది. అంతే.

చేతికి కట్టు కడుతున్నప్పుడు ఉస్తాద్ నెమ్మదిగా అడిగాడు.

"ఇంకెన్ని బండ్లకు ఇట్ల పెట్టినావు?"

ఓబులేసు తల ఎత్తలేదు. "నాలుగు."

"పోయి అన్నీ తీసెయ్."

పొద్దు వాలేలోపు మూడు బండ్లు దొరికాయి. ఒకడు తిట్టాడు, ఒకడు కొట్టబోయాడు. నాలుగోది సిరుగుప్ప వైపు నుంచి మిరపకాయల బస్తాలు వేసుకొచ్చిన బండి. దాని నంబరు వాడు చూడలేదు. తోలేవాడి పేరు అడగలేదు. గంటలో బాగుచేసి పంపానన్న గొప్ప తప్ప ఇంకేమీ గుర్తు లేదు.

తిరిగొచ్చి ఉస్తాద్ ముందు గొంతుక్కూర్చున్నాడు. కట్టు అప్పుడే తడిసిపోయింది. షుగరు మనిషి పుండు ఎప్పటికి మానుతుందో, అసలు మానుతుందో లేదో ఇద్దరికీ తెలుసు.

"ఒకటి దొరకలే ఉస్తాద్."

వాడు లేచి వెళ్లి టీ తెచ్చాడు. అలవాటుగా గ్లాసు తాకి చూసి, చల్లారేదాకా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఆయన ముందుకు చాపాడు. ఉస్తాద్ అందుకోలేదు.

"నీ చేతికి ఇంకా తెలుస్తాంది కదరా," అన్నాడు. "పో. ఒక్కో బండీ తాకి చూడు."

ఓబులేసు గ్లాసు కింద పెట్టి, సిరుగుప్ప బస్సు కోసం నడిచాడు.