గింజకు ఓబయ్య చెప్పిన చదువు

ఆదెమ్మ తల్లి మఠంలో ఓబయ్యకు లొంగనిది ఒక్కటే ఉండింది. దోసిట్లో పెట్టుకుంటే ఇంకా చోటు మిగిలేంత కుక్కపిల్ల.

ఈ మాట బయట ఎవరికైనా చెబితే నవ్విపోతారు. ఓబయ్య సంసారంలో ఉన్నన్నాళ్ళూ బండలాగుడు పందేలకు ఎద్దులను తయారుచేసినవాడు. చుట్టుపక్కల ఎక్కడ పొగరుబోతు కోడె ఉన్నా ముక్కుతాడు పట్టుకొని ఆయన గాటికే తోలుకొచ్చేవాళ్ళు. కొన్నాళ్ళకు అదే కోడె, ఓబయ్య గొంతు సవరించుకుంటే చాలు, తనంతట తానే వచ్చి కాడి కింద మెడ పెట్టేది. భార్య పోయాక ఆ ముక్కుతాళ్ళన్నీ దూలానికి తగిలించి, కొండ మీది మఠానికి వచ్చేశాడు.

వచ్చినవాడు ఊరికే కూర్చోలేదు. మఠమంటే నాపరాళ్ళతో కట్టిన ఒకే ఒక పెద్ద మిద్దె, వెనక వంటిల్లు. ఆ మిద్దె నేలను ఓబయ్య తోమి తోమి, పెట్టిన దీపం నేలలో కూడా కనబడేటట్టు చేశాడు. ఓబయ్య వేలిముద్ర మనిషే. అయినా శుభ్రం విషయంలో ఆయన మాటకు ఎదురులేదు. వంట చేసే రామక్క ఒకసారి తడి ఆరకముందే నేల మీద అడుగు వేసింది. ఆనాటి నుంచి ఓబయ్య ఆమెతో మాట్లాడడు. ఏదైనా చెప్పాల్సి వస్తే నడిమి స్తంభానికి చెబుతాడు.

"స్తంభమా, పప్పులో కారం లేదు."

"స్తంభమా, ఆయప్ప నోట్లో ఉన్నంత కారం పప్పులో వెయ్యలేక మానుకున్నానని చెప్పు" అనేది రామక్క లోపల్నుంచి.

ఇట్లాంటి ఇంట్లోకి వచ్చింది కుక్కపిల్ల. ఆదోని నుంచి గుడ్డల షాపు దంపతులు తెచ్చి తల్లి మంచం ముందు పెట్టారు.

"విదేశీ జాతి అమ్మా. పెరిగినా ఇంతకంటే పెద్దదేం కాదు. ఇల్లంతా పాడుచేస్తోంది, మా వల్ల కావడం లేదు" అని దండం పెట్టి వెళ్ళిపోయారు.

ఆదెమ్మ తల్లి దాన్ని అరచేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది. "గింజంత ఉంది" అంది. అదే దాని పేరయింది.

ఆ తల్లి మాట్లాడేది తక్కువ. ఎంతెంత దూరాల నుంచో వచ్చినవాళ్ళు కూడా ఆమె నులక మంచం ముందు కూర్చొని, ఏమీ అడక్కుండానే తేలికపడి లేచిపోతారు. మోకాళ్ళు పట్టేసి ఏళ్ళయింది. మంచం దిగాలంటే చెరో రెక్కా పట్టుకోవాలి.

"ఓబయ్యా, నీకు నేర్పడం తెలుసు కదా. ఒంటికీ రెంటికీ బయటికి పోవడం దీనికి నేర్పు" అంది.

"నేర్చుకోకుంటే అమ్మా?"

"నువ్వే చెప్పు."

ఓబయ్య మీసం సర్దుకున్నాడు. "పున్నమి భజనకు అంతమంది కూర్చునే చోటు. ఆ లోపల నేర్చుకోకుంటే గంపలో పెట్టి కొండ కింద దిగబెట్టి వస్తా."

కొండ కింద నాపరాయి గనులున్నాయి. అక్కడి కుక్కల గుంపు మేక పిల్లను కూడా ఎముక మిగలకుండా తింటుందని అందరికీ తెలుసు. తల్లి వద్దంటుందని ఓబయ్య ఎదురుచూశాడు.

"సరే" అంది తల్లి.

మరుసటి పొద్దున్నే చదువు మొదలైంది. కోడెను ఎవరూ ఎత్తుకొచ్చి కాడి కింద పెట్టరు, పిలిస్తే అదే రావాలి. ఓబయ్యకు తెలిసిన పద్ధతి అది. అందుకని గింజను ఎవరూ ఎత్తుకోకూడదని ఆజ్ఞ వేశాడు. ఆ మాటా స్తంభంతోనే అన్నాడు, రామక్కకు వినబడేలా.

తలుపులు బార్లా తీసి, తను వాకిట్లో కానుగ చెట్టు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"గింజా! రా!"

ఎద్దులను అదిలించిన గొంతు. చెట్టు మీది కాకి లేచిపోయింది. లోపల గోళ్ళు టకటకమంటూ తలుపు దాకా వచ్చిన చప్పుడు వినబడింది. అక్కడ ఆగింది. ఎండలోంచి చూస్తే లోపలంతా చీకటి. ఏమీ కనబడలేదు. సన్నగా ఒక మూలుగు. తర్వాత అదీ లేదు.

ఓబయ్య లోపలికి వచ్చి చూస్తే, గడప మొదట్లో, పసుపు పూసిన చోట, తడి.

"ఏందిది? పిలిచింది ఎందుకు, నువ్వు చేసింది ఏంది?" అని వేలెత్తి దాని మీదికి వంగాడు. గింజ నేలకు అతుక్కుపోయింది. ఆయన చూస్తుండగానే, ఆయన నీడలోనే, ఇంకో నాలుగు చుక్కలు కారాయి.

ఓబయ్య దాన్ని ఇంకో రకంగా అర్థం చేసుకున్నాడు. నా మొహం మీదే పోసింది, అనుకున్నాడు.

ఓబయ్య కోపాన్ని ఖర్చుపెట్టే మనిషి కాదు, దాచుకునే మనిషి. ఆ పూట కోపం మీద మరుపూట కోపం పేర్చాడు. దాని ముక్కు తడిలో రుద్దాడు. చింతబరికె నేలకేసి కొట్టి బెదిరించాడు. పాలు తగ్గించమన్నాడు.

"స్తంభమా, పాలు పోసే చేతులకు చెప్పు. పైన పోస్తుంటే కింద పోయక ఏం చేస్తుంది?"

"స్తంభమా, ఆయప్ప చెంబెడు మజ్జిగ తాగి ఎక్కడికి పోతాడో అడుగు."

ఎన్ని చేసినా గడప మొదట్లో తడి తప్పలేదు. ఓబయ్య తడి తుడిచి పైన మళ్ళీ పసుపు పూసేవాడు, అది మళ్ళీ తడిపేది. దానికి వచ్చిన చదువు ఒక్కటే. ఓబయ్య అడుగుల చప్పుడు వినబడగానే తల్లి మంచం కిందికి దూరడం.

తల్లి అన్నీ చూస్తూనే ఉంది. ఒక్క మాటా అనలేదు. అదే ఓబయ్యకు ఎక్కువ గుచ్చుకుంది. ఆమె తిట్టినా బాగుండు అనిపించేది.

పున్నమి రానే వచ్చింది. పొద్దున్నే రామక్క గడప లోపల పిండితో ముగ్గు వేసింది. తాళాలు, మద్దెల పట్టుకొని జనం మధ్యాహ్నానికే కొండెక్కి వాకిట్లో చేరుతున్నారు. ఓబయ్య నీళ్ళ కడవ దించి చూస్తే ముగ్గు మధ్యలో తడి. పిండి కరిగి పాల చారలా పారింది.

ఆయన అరవలేదు. వంటింటి చూరు నుంచి గంప దించాడు. మంచం కింద చెయ్యి పెట్టి గింజను బయటికి తీశాడు.

అప్పుడు తెలిసింది ఆయనకు, ఇన్నాళ్ళలో దాన్ని ఒక్కసారి కూడా చేతిలోకి తీసుకోలేదని. ముక్కు రుద్దేటప్పుడు మెడ పట్టుకున్నాడే గానీ ఇట్లా కాదు. బొటనవేలి కింద దాని గుండె కొట్టుకుంటోంది. ఎద్దు గుండెను ఎన్నోసార్లు చెయ్యి పెట్టి చూసినవాడు. ఇంత చిన్న ఒంట్లో ఇంత జోరు ఎట్లా పడుతుందో ఆయనకు అంతుపట్టలేదు. గబగబా గంపలో పెట్టేశాడు.

"పోయొస్తానమ్మా" అన్నాడు మంచం వైపు చూడకుండా.

"ఎక్కడ పోస్తుంది నాయనా అది?" అంది తల్లి.

"ఇంకెక్కడమ్మా, గడప కాడ! ఇంత మిద్దె ఉండగా, పసుపు పెట్టిన చోటే కావాల దానికి. ఒక్కనాడన్నా ఇంకో మూల చూసుకుందా? నా మీద పంతం."

"ఎప్పుడూ అక్కడేనా?"

"తప్పితే నా పేరు మార్చుకుంటా."

"దించు."

ఓబయ్య గంప దించాడు. గింజ బయటికి దూకి మంచం కోడు చాటుకు పోయింది.

ఆదెమ్మ తల్లి పక్కనున్న స్తంభం పట్టుకుంది. పట్టుకొని, ఎవరినీ పిలవకుండా, మంచం దిగింది. ఓబయ్య ముందుకు రాబోతే చూపుతోనే ఆపింది. ఒక్కో అడుగే వేసుకుంటూ తలుపు దాకా పోయింది. అక్కడ వంగని మోకాళ్ళను ఎట్లా వంచిందో, ఎంత నొప్పిని మింగిందో తెలియదు, పెదవి మీద పంటి గుర్తు మాత్రం కనబడింది. ఆమె నేల మీద కూర్చుంది. తర్వాత గడప పక్కన, ఆ తడి ముగ్గులోనే, చెంప నేలకు ఆనించి పక్కకు పడుకుంది.

"అయ్యో, అమ్మ పడిపోయింది!" రామక్క గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. వాకిట్లో జనం లేచి నిలబడ్డారు.

"అరవొద్దు. పడలేదు, పడుకున్నా" అంది తల్లి.

ఎవరూ కదల్లేదు. మంచం కోడు చాటు నుంచి ఒక ముక్కు బయటికి వచ్చింది. తర్వాత చెవులు. గింజ టకటకమంటూ వచ్చి తల్లి మొహం వాసన చూసింది. ఆమె ముక్కూ దాని ముక్కూ ఒకే ఎత్తులో ఉన్నాయి. తోక చిన్నగా ఊగింది.

తర్వాత అది గడప దగ్గరికి పోయింది.

ఆ గడప ఏకరాయి. వాననీళ్ళు, పాములు లోపలికి రాకుండా పాతకాలం వాళ్ళు జానెడున్నర ఎత్తున నిలబెట్టింది. ఓబయ్య ఎన్నేళ్ళుగానో దాటుతున్నాడు. కాలు దానంతట అదే లేచి దాటుతుంది.

గింజ వెనక కాళ్ళ మీద నిలబడింది. ముందు కాళ్ళు ఎంత చాచినా రాయి సగానికి కూడా అందలేదు. గోళ్ళు పసుపు మీద జారాయి. మళ్ళీ నిలబడింది, మళ్ళీ జారింది. ఓబయ్య చూపు ఆ పసుపు మీదికి పోయింది. రాయి కింది భాగం నిండా సన్నని గీతలు. కొత్త గీతల కింద పాత గీతలు. రోజూ తన చేత్తో పసుపు పూసి కప్పేసినవి.

గింజ బయటి వెలుగు వైపు తలెత్తి సన్నగా మూలిగింది. ఆ మూలుగు ఓబయ్య రోజూ విన్నదే.

తల్లి చెయ్యి చాపి, గడపకు ఆనుకొని ఇంకొంచెం జరిగింది. గింజ ఆమె మోచేతి మీద కాలు పెట్టింది. అక్కడి నుంచి భుజం మీదికి పాకింది. దేశదేశాల వాళ్ళు వేలికొసతో తాకి కళ్ళకద్దుకునే మనిషి మీద నాలుగు కాళ్ళూ ఊని నిలబడి, గడప మీదికి ఎక్కి, అవతలికి జారిపడింది. ఒక దొర్లు దొర్లి లేచింది. పరుగు పరుగున కానుగ చెట్టు దాకా పోయి, సరిగ్గా ఓబయ్య నిలబడి పిలిచే చోట, వెనక కాళ్ళు వంచింది.

వాకిట్లో అంతమంది ఉన్నారు. మద్దెల మీద చెయ్యి వేసినతను ఆ చెయ్యి అట్లాగే ఉంచుకున్నాడు.

"పిలిచిన ప్రతిసారీ వస్తానే ఉంది, ఓబయ్యా" అంది తల్లి, నేల మీది నుంచే.



పని ముగించుకొని గింజ వెనక్కి వచ్చింది. లోపలికి రావాలి. ఇప్పుడు రాయి బయటి వైపు నుంచి అడ్డం. నిలబడింది, జారింది, నిలబడింది. అందరూ ఓబయ్య వైపే చూశారు. ఎత్తుకుంటే అయిపోయేది. వంగి చెయ్యి చాపితే చాలు. కానీ తన చెయ్యి పైనుంచి వస్తే అది ఏమవుతుందో ఆయనకు తెలుసు.

భుజం మీది తువ్వాలు తీసి రామక్క చేతిలో పెట్టాడు. గడప దాటాడు. గింజ బెదిరి దూరంగా పోయి నిలబడింది.

ఓబయ్య మోకాళ్ళూనాడు. తర్వాత ఛాతీ. గడప వారన బోర్లా పడుకొని చెంప నేలకు ఆనించాడు. ఆ ఎత్తు నుంచి చూస్తే గడప గోడలా ఉంది. దాని అంచు పైన మిద్దె లోపలి చీకటి తప్ప ఏమీ లేదు. వాకిట్లో నిలబడ్డవాళ్ళ పాదాలు బండల్లా ఉన్నాయి. ఇంత పెద్ద లోకంలోకి ఆ కొంచెం ప్రాణం పిలవగానే రోజూ బయల్దేరి వచ్చింది.

గింజ రాలేదు. చూస్తూ నిలబడింది. ఓబయ్య పిలవలేదు. గొంతు సవరించుకోలేదు. ఎద్దు బుసలాంటి తన ఊపిరి తనకే పెద్దగా వినబడితే, దాన్ని కూడా బిగబట్టాడు. ఎండ గడప మీది నుంచి జరిగి ఆయన మెడ మీదికి వచ్చింది. వాకిట్లో జనం ఒక్కొక్కరే నిలబడ్డచోటే కూర్చున్నారు.

ఎంతసేపటికో, చేతి వేళ్ళ దగ్గర తడి ముక్కు తగిలింది. పోయింది. మళ్ళీ వచ్చింది. మోచేతి మీద ఒక కాలు పడింది. ఆ బరువు ఆకు రాలినంత కూడా లేదు. రెండో కాలు. భుజం. వీపు.

ఇక గడప ఎక్కుతుంది అనుకున్నాడు.

ఎక్కలేదు. ఆయన రెండు రెక్కల ఎముకల మధ్య ఒకసారి గుండ్రంగా తిరిగి, ముడుచుకొని, తల దించింది. కాసేపటికి దాని ఊపిరి నిదానించింది.

గడప లోపల నుంచి తల్లి గొంతు వినబడింది.

"కదలకు."

ఓబయ్య కదల్లేదు. వాకిట్లోనే తాళాలు మెల్లగా మొదలయ్యాయి.