వెల్డింగ్ షాపు సంకేతం

పల్సార్ అంటే గిరగిరా తిరిగే మృత నక్షత్రం. తిరిగిన ప్రతిసారీ ఒక రేడియో టిక్కు పంపుతుంది. అలాంటిదొకటి కొత్తగా పట్టుకోవాలని రెహానా ఊరి బయటి రేడియో యాంటెన్నాతో ఎనిమిది నెలలుగా వెతుకుతోంది. దొరికిన టిక్కులన్నీ భూమ్మీదవే. ఒకటి గొర్రెల దొడ్డి చుట్టూ వేసిన కరెంటు కంచెది. ఒకటి జీపుది. ఒకటి ఆమె సొంత ఫోను చార్జరుది.

పుష్యమాసం చలిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం, ఆమె తన గురువు భూషణం గారి బల్లమీద రాజీనామా ఉత్తరం పెట్టింది.

"సోమవారం బ్యాంకులో చేరాలి సార్. ఇక్కడ నేను వింటున్నది ఆకాశాన్ని కాదు, ఊరిని."

"ఈ వారం ఏం విన్నావు?"

"వెల్డింగ్ షాపు. రోజూ పొద్దున వస్తోంది. కొట్టేశాను."

భూషణం గారు ఉత్తరం విప్పలేదు. మూలనున్న ఇనప స్టూలు ముందుకు జరిపారు. దాని కాలు ఊడి ఉంది.

"వెళ్ళేలోపు దీన్ని యాదగిరి షాపులో అతికించి తెచ్చిపెట్టమ్మా."

"రాజీనామా ఇస్తే స్టూలు ఇస్తారా సార్?"

"నీ తర్వాత వచ్చేవాళ్ళు కూర్చోవాలి కదా."

రెహానా విసుక్కుంటూ స్కూటీ మీద ఊళ్ళోకి వెళ్ళింది. షాపు షట్టరుకి తాళం ఉంది. ఎదురుగా టీ కొట్టు కొమురమ్మ పిలిచింది.

"యాదగిరి కోసమా బిడ్డా? చెల్లె పెండ్లని పోయిన ఐతారమే పోయిండు. ఇంకా రాలే."

"ఈ వారం ఎవరూ పని చేయలేదా?"

"తాళమేసి ఉంటే ఎవలు చేస్తరు? దయ్యమా?"

తిరిగొచ్చి రెహానా తన నోటు పుస్తకం తీసింది. అయిదు రోజులూ తన చేతిరాతే: వెల్డింగ్, వెల్డింగ్, వెల్డింగ్. పక్కన, తను రాసి మళ్ళీ చూడని టైములు. పదీ నలభై. పదీ ముప్ఫై ఆరు. పదీ ముప్ఫై రెండు. పదీ ఇరవై ఎనిమిది. ఈరోజు పదీ ఇరవై నాలుగు.

వాళ్ళ యాంటెన్నా కదలదు. నెత్తిమీదికి ఏది వస్తే అది వింటుంది. చుక్క ఏదైనా రోజుకి నాలుగు నిమిషాలు ముందే నెత్తిమీదికి వస్తుంది. చూడ్డానికొచ్చే బడిపిల్లలకి ప్రతి శనివారం ఈ ముక్క చెప్పేది రెహానాయే.

పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

భూషణం గారు కళ్ళజోడు సర్దుకుని ఆ పేజీ చదివారు.

"రేపు ఎన్నింటికి?"

"పదీ ఇరవైకి సార్."

"ఎల్లుండి?"

"పదీ పదహారుకి."

"సోమవారం?"

రెహానా బల్లమీది ఉత్తరం వంక చూసింది.

"పదీ పన్నెండుకి సార్."