గిల్బర్ట్ కుర్చీ

"నేను లేకపోతే ఏమవుతుంది, గురువుగారూ?" అని గిల్బర్ట్ ఒకనాడు తంతులు మీటి శ్రుతి చేస్తున్నవాడల్లా ఆపి అడిగాడు.

నాలుగు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లండు సంగతి ఇది. ఒక పల్లెటూరి దివాణంలో ఆంబ్రోస్ అనే ముసలి గురువు శిష్యులకు వయోల్ నేర్పేవాడు. వయోల్ అంటే మోకాళ్ళ మధ్య నిలిపి కమానుతో వాయించే తంతివాద్యం. ఐదుగురు బల్ల చుట్టూ చేరి ఎవరి వరస వాళ్ళు వాయిస్తుంటే అన్నీ కలిసి ఒక పాటయ్యేది. అందులో నలుగురివి పరుగులు, మలుపులు, వయ్యారాలు. ఐదోవాడిది మాత్రం పాతకాలపు చర్చి కీర్తన, ఒక్కో స్వరాన్నీ చెయ్యి పడిపోయేదాకా సాగదీయడమే పని. ఆ ఐదోవాడు గిల్బర్ట్. అతనికి చేతినిండా విద్య ఉంది, దానికి రెట్టింపు పొగరూ ఉంది. తనని ఎవరూ వినడం లేదని అతని ఏడుపు. అబద్ధం కాదు, వినేవాళ్ళ తలలు ఎప్పుడూ ఆ నలుగురి వైపే ఊగేవి.

ఆంబ్రోస్ ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి కాదు. అడిగినవాణ్ణి లేపి వేరే చోట కూర్చోబెట్టేవాడు, అంతే.

"అయితే ఇవాళ వాయించకు. ఆ కిటికీ దగ్గర కూర్చుని విను," అన్నాడు.

ఆ ఇంట్లో ఒక నియమం ఉండేది. వాయించని వయోల్‌కి గుడ్డ కప్పి, పెట్టెలో పెట్టి మూత వేయాలి. గిల్బర్ట్ అలిగి ఉన్నాడు కదా, శ్రుతి చేసిన వయోల్‌ని అలాగే కుర్చీలో ఆనించి, కమాను కింద పడేసి వెళ్ళిపోయాడు. గురువు చూశాడు.

మిగిలిన నలుగురూ మొదలుపెట్టారు. కాసేపటికి గిల్బర్ట్‌కి తన వరస వినిపించింది. సన్నగా, ఎక్కడా తెగకుండా, స్వరం మారాల్సిన చోట సరిగ్గా మారుతూ. కిటికీ దగ్గర్నుంచి కుర్చీ వీపే కనిపిస్తోంది. వాయించేవాళ్ళు ఎవరి కాగితంలో వాళ్ళు మునిగి తలెత్తడం లేదు. ఒక తంతి మోగితే పక్క తంతి తనంతట తానే పలుకుతుందని అతనికి తెలుసు. అదే అయి ఉంటుందని సర్దిచెప్పుకున్నాడు. కానీ పక్కవాళ్ళంతా కమాన్లు ఎత్తి క్షణం ఆగిన చోట కూడా అది ఆగలేదు. అతనికి భయం వేసింది.

పాట అయిపోయాక, గోడవారన కూర్చుని వింటున్న ఆ ఇంటి దొరసాని మార్జరీ లేచి వచ్చింది. భర్త పోయిన తర్వాత ఆవిడ ఈ గదిలో నోరు విప్పింది లేదు. గిల్బర్ట్ వాయించే వయోల్ ఆ భర్తదే.

"ఎన్నాళ్ళయింది గురువుగారూ, ఆయన వాయించగా విని!" అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఈ అబ్బాయిని ఇక కష్టపెట్టకండి. ఆయన్నే వాయించనివ్వండి."

గిల్బర్ట్ గబగబా వెళ్ళి వయోల్ అందుకోబోయి ఆగిపోయాడు. పొద్దున తానే శుభ్రంగా తుడిచిన తంతుల కింద తెల్లటి పొడి రాలి ఉంది. కమానుకు పట్టించే గుగ్గిలం అది, వాయిస్తే తప్ప రాలదు. అతను కింద పడేసిన కమాను తంతుల మీద ఆని ఉంది.

అంతవరకూ ఈసడించుకున్న ఆ సాగదీత తప్ప లోకంలో తనకింకేమీ లేదని అప్పుడు తెలిసింది అతనికి. ఏడుపొచ్చింది.

"తప్పయిపోయింది గురువుగారూ. నా చోటు నాకు ఇప్పించండి," అన్నాడు.

ఆంబ్రోస్ కాగితాలు సర్దుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"నన్నడిగితే ఏం లాభం, నాయనా? ఆ కుర్చీ ఖాళీగా ఉందని నీకెవరు చెప్పారు?"