కట్టు విప్పడానికి ఎంత?

కొండ కింద ఓబులేసు దొడ్డిలో ఒక ఎద్దు, ఒక గేదె, ఒక మేక, దాని పిల్ల, పదకొండు కోళ్లు, ఒక కుక్క ఉండేవి. ఎద్దు బాగా ఆలోచించి మాట్లాడేది, అందువల్ల అవసరమైన వేళకు ఎప్పుడూ మాట్లాడి ఎరగదు. గేదెకు తన తొట్టి తప్ప లోకం లేదు. మేక అందరితో మంచిగా ఉండేది, ఎవరికీ ఏమీ ఇచ్చేది కాదు. కుక్క పేరు బైరడు. ఒకసారి మాటిస్తే తప్పేది కాదు. ఆ గుణాన్ని దొడ్డిలో అందరూ మెచ్చుకునేవారు, మెచ్చుకోవడానికి ఖర్చేమీ లేదు కనుక.

ఒక మధ్యాహ్నం నక్క లోపలికి దూరి ఎర్రపెట్టను నోట కరిచింది. కుక్క మొరుగుతూ వెంటపడింది. నక్క పెట్టను వదిలేసి రాతిగోడ దూకింది. కుక్కా దూకింది. వెనక కాలు రాళ్ల మధ్య ఇరుక్కుని విరిగింది.

ఓబులేసు వచ్చి చూశాడు. పట్నంలో పశువుల ఆసుపత్రికి ఆటో, ఎక్స్‌రే, కట్టు, సూదిమందులు. అంత ఖర్చంటే మేకను అమ్మాలి. కుక్కపిల్ల అయితే ఎవరినడిగినా ఊరికే ఇస్తారు. ఆ మాటే పైకి అని చేనికి వెళ్లిపోయాడు. విన్న మేక ఆ పూటంతా మేత ముట్టలేదు.

కొండ మీద ఒక కోతి ఉండేది. ఆ ఆసుపత్రి కిటికీ మీద ఆరేళ్లు కూర్చుని అన్నీ చూసి నేర్చుకుంది. వెదురుబద్దలు పెట్టి నారతో కట్టు కట్టడంలో దానికి మంచి పేరు. అందరూ డాక్టరుగారు అనేవారు. దాన్ని పిలిపించారు.

"మూడు గంపల వేరుశెనక్కాయలు," అంది కోతి, ఇంకా కాలు చూడకముందే.

"మూడెందుకు? కాలు ఒకటేగా," అంది గేదె.

"రెండు చోట్ల విరిగింది."

"అయితే రెండు గంపలు."

"మూడోది నేను కొండ దిగి వచ్చినందుకు. కాయలు లేకపోతే తవుడో, గానుగచెక్కో, నూకలో, ఏదైనా సరే. రేపు పొద్దువాలే లోపు కట్టు పడకపోతే వంకరగా అతుక్కుంటుంది. తర్వాత నన్ను పిలవొద్దు."

దొడ్డిలో అందరూ కూర్చున్నారు. కుక్క ఒక మూల పడుకుని వింటోంది.

"నా చెక్క నాది కాదు," అంది ఎద్దు. "మడక లాగమని పెడుతున్నది. అది ఇంకొకరికి ఇస్తే నమ్మకద్రోహం."

"నేను ఈనబోతున్నాను, నాకే చాలడం లేదు," అంది గేదె.

"పోయినేడూ ఈనబోతూనే ఉన్నావు కదమ్మా," అంది మేక.

"నీ సంగతి చెప్పు ముందు."

"నేను ఆకులు తినేదాన్ని. ఆకులు తీసుకుని వైద్యం ఎవరు చేస్తారక్కా? మనసులో మాత్రం చాలా కష్టంగా ఉంది."

"నాకూ కష్టంగానే ఉంది," అంది ఎర్రపెట్ట. "కానీ నేను గోడ దూకమన్నానా? అరిచానంతే."

మర్నాడు మధ్యాహ్నం నక్క దాక్కోకుండా వచ్చి గోడ మీద కూర్చుంది. గోడ అవతల మూడు గంపల కాయలు, వాటి పక్కనే కోతి. ఎవరి చేనివో ఎవరూ అడగలేదు.

"నా మూలంగా విరిగిన కాలు. ఖర్చు నాది," అంది నక్క. "ఒక్కటే భయం. మొరిగితే ఒళ్లంతా అదురుతుంది, ఎముక కదులుతుంది. కావాలంటే డాక్టరుగారిని అడగండి."

"కదులుతుంది," అంది కోతి, అప్పటికే నోటి నిండా కాయలు వేసుకుని.

"అందుకని కట్టు ఉన్నన్నాళ్లు మొరగననీ, కట్టును తన పంటితో ముట్టననీ బైరడు మాటివ్వాలి. ఇంకో సంగతి. డాక్టరుగారు కాక ఇంకెవరైనా కట్టు విప్పి, ఆ కాలు మళ్లీ విరిగితే, ఆ ఖర్చు విప్పినవాళ్లది."

"వద్దు," అంది కుక్క. "కాలు పోతే పోతుంది. నేను మొరగకపోతే మీ గతేమిటో ఆలోచించండి."

"కట్టు ఎన్నాళ్లుండాలి?" అని అడిగింది ఎద్దు.

"ఆరు వారాలు," అంది కోతి.

"ఆరు వారాలేగా," అంది గేదె. "ఊరికే వచ్చేదాన్ని కాదంటావేం బైరా?"

"నన్ను పట్టుకున్నది కూడా ఆకలికేనట, పగతో కాదట," అంది ఎర్రపెట్ట.

కుక్క ఒక్కొక్కరి మొహమూ చూసింది. అందరూ ఖర్చు తప్పిన మొహాలతో ఉన్నారు. మాటిచ్చింది.

మొదటి వారంలోనే ఎర్రపెట్ట పోయింది. ఆరో వారానికి ఆరు కోళ్లే మిగిలాయి. నక్క వచ్చిన ప్రతిసారీ కుక్క నోరు తెరిచేది, కాలి వంక చూసుకుని మూసుకునేది. గద్ద ఎత్తుకుపోతోందేమో అంది గేదె.

ఆరు వారాలు నిండాక కోతి వచ్చి వెదురుబద్ద మీద వేలితో కొట్టి చూసింది. "అతుక్కుంది."

"విప్పండి మరి," అంది కుక్క.

"విప్పడానికి రెండు గంపలు."

"అప్పుడే మూడు గంపలు ముట్టాయి కదా డాక్టరుగారూ," అంది మేక.

"నక్క కట్టింది కట్టు కట్టడానికి. విప్పడానికి ఎవరు కట్టారు?"

"పట్నంలో కూడా ఇంతేనా?" అని అడిగింది ఎద్దు.

"పట్నంలో గేటు దగ్గరే కట్టాలి," అని కోతి కొండెక్కిపోయింది.

మళ్లీ అందరూ కూర్చున్నారు. ఎద్దు నమ్మకం గురించి చెప్పింది. గేదె ఈనడం గురించి చెప్పింది.

"ఆ నార నాకు రెండు నమలుళ్లు," అంది మేక.

"నమలు మరి," అంది కుక్క.

"మళ్లీ విరిగితే ఖర్చు నామీద పడుతుంది కదా బైరన్నా. పిల్లగలదాన్ని."

కుక్క తర్వాత ఎవరినీ ఏమీ అడగలేదు. మాట మాత్రం తప్పలేదు. కట్టు కింద కాలు ఎండిపోవడం దానికి తెలుస్తూనే ఉంది. మిగిలిన కోళ్లూ ఒకటొకటిగా పోయాయి. గూడు తలుపు తెరిచే ఉండేది, మూయాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

ఒక మధ్యాహ్నం నక్క మేకపిల్లను పట్టుకుంది.

మేక ఒక్క పరుగున వచ్చి కుక్క కాలి మీద పడింది. రెండు నమలుళ్లు కూడా పట్టలేదు, నార తెగి వెదురుబద్దలు రాలాయి. కుక్క లేచి మొరిగింది. రెండున్నర నెలల మొరుగు ఒక్కసారిగా బయటికొచ్చింది. కొండ మారుమోగింది. ఒక్క అడుగు వేసింది. పుల్లలా చిక్కిపోయిన కాలు ఆనలేదు, పక్కకు ఒరిగి పడిపోయింది. పడి కూడా మొరుగుతూనే ఉంది.

ఇదివరకైతే మొదటి మొరుగుకే నక్క నోట్లోది వదిలేసేది. ఇప్పుడు తీరిగ్గా గోడెక్కి, పిల్లను కాలి కింద అదిమిపెట్టి, వెనక్కి తిరిగింది.

"గొంతు ఏమీ తగ్గలేదు బైరా," అంది. "నా మూడు గంపలూ వృథా పోలేదు."

పిల్లను కరుచుకుని అవతలికి దిగిపోయింది.

చాలాసేపటికి ఎద్దు తల ఎత్తింది. "మూడు గంపలంటే," అంది, "మనలో ఒక్కొక్కరికి నాలుగు పూటల మేత."

లెక్క సరిగ్గానే ఉంది. వినడానికి గేదె ఉంది. మేక ఇంకా గోడవైపే చూస్తోంది.

నీతి: తమను కాచినవాడి వైద్యానికి తలా కొంచెం కట్టనివాళ్లు, ఆ ఖర్చంతా తర్వాత ఒంటరిగా కట్టుకుంటారు.