ఖాసీం పోసిన గ్లాసెడు నీళ్లు

కొండదిగువ సంతలో జీపులు బాగుచేసే ఖాసీం మీద ఎస్టేటు దొర భూపతిగారు అందరి ముందూ నింద వేశారు.

"మంచి కార్బురేటరు కాజేసి పాడైంది బిగించావు. అందుకే నా జీపు వణికి వణికి ఆగిపోతోంది. ఇక దానిమీద చెయ్యి వెయ్యకు."

"వెయ్యను దొరా. మీరే బానెట్ ఎత్తి స్టార్టు చెయ్యండి చాలు," అన్నాడు ఖాసీం.

ఇంజను వణుకుతూండగా, పెట్రోలూ గాలీ కలిపే కార్బురేటరు పక్కనున్న రబ్బరు గొట్టం మీద గ్లాసుతో సన్నగా నీళ్లు పోశాడు. వణుకు తగ్గింది. పోయడం ఆపగానే మళ్లీ మొదలైంది.

"గొట్టం చీలి, ఇంజను అక్కర్లేని దొంగగాలి పీలుస్తోంది దొరా, అందుకే ఈ వణుకు. చీలికను నీళ్లు మూసినంతసేపూ బండి బాగుంది. కార్బురేటరే పాడైతే, గొట్టం మీద పోసిన నీళ్లకి బాగవుతుందా?"

దొర వంగి చీలిక చూశారు. "పొరపాటు నాదే. నువ్వే బాగుచెయ్యి," అన్నారు మెల్లగా.

సంతంతా చూస్తుండగా ఖాసీం తలెత్తుకుని స్పానరు అందుకున్నాడు.