పసుపులమ్మ మొహం ఎవరు చూశారు?

ఇటు తిరుగు అమ్ములూ. కాలు నా మీద వెయ్యకు, నీ కాలు రోకలిబండలా ఉంటుంది. ఆఁ, అలా. ఊఁ కొడుతూ ఉండాలి మరి. ఊఁ కొట్టనివాళ్ళకి నేను కథ చెప్పను, ముందే చెబుతున్నా.

అనగనగనగా, కృష్ణ ఒడ్డుకి ఇవతల, మిరప చేలకి అవతల, ఒక చిన్న ఊళ్ళో ఒక అమ్మవారు ఉండేది. ఆవిడ పేరు పసుపులమ్మ. గుడి అంటే గోపురాలూ గంటలూ అనుకునేవు, అవేం లేవు. నాలుగు రాళ్ళు నిలబెట్టి, పైన ఒక బండ పరిచారు. లోపల ఇంచుమించు నీ ఎత్తున రాతి విగ్రహం. అంతే.

ఆ పేరెందుకొచ్చిందంటే, ఆవిడ ఒంటినిండా పసుపే. ఆ ఊళ్ళో ఎవరికి బిడ్డ పుట్టినా, పురిటి స్నానం అయ్యాక తల్లి వచ్చి అమ్మవారికి పసుపు ముద్ద పులిమేది. ఆ ముద్దలో ఒక్క గురివింద గింజ నొక్కేది. బిడ్డకో గింజ. గురివింద గింజ ఎరుగుదువుగా, ఎర్రగా ఉండి నెత్తిన నల్ల మచ్చ ఉంటుంది. చూడ్డానికే బాగుంటుంది, నోట్లో పెట్టుకున్నావంటే విషం. జాగ్రత్త.

అలా పసుపు మీద పసుపు, పసుపు మీద పసుపు. ఎన్ని తరాల నుంచి పులుముతున్నారో ఎవరికీ తెలీదు. ఆ పసుపు గట్టిపడి జానెడు మందాన పెచ్చు కట్టింది. ముక్కెక్కడో మూతెక్కడో కనబడదు. పైన రెండు వెండి కళ్ళు అతికించి, అదే అమ్మవారి మొహం అనుకునేవాళ్ళు.

ఆ అమ్మవారికి సేవ చేసే ఆవిడ పేరు నాంచారమ్మ. పెళ్ళైన కొత్తలోనే మొగుడు పోయాడు. పిల్లలు లేరు. నలభై ఏళ్ళు రోజూ పొద్దున్నే వచ్చి, గుడి ఊడ్చి, పసుపు నూరి, అమ్మవారికి రాసి, దీపం పెట్టేది. ఊళ్ళో అందరి పిల్లలకీ పసుపు నూరి ఇచ్చింది. తనకంటూ ఒక్క గింజ నొక్కలేదు పాపం. ఆవిడకి ఉన్నదల్లా ఆ అమ్మవారే.

అప్పుడు ఒకసారి పట్నం నుంచి ఒకాయన మెళ్ళో కెమెరా వేసుకుని వచ్చాడు. "అమ్మా, ఇది వెయ్యేళ్ళ నాటి శిల్పం. ఈ పసుపు ఒక్కసారి తీయించారంటే అసలు రూపం ఫొటో తీసుకుంటాను. మళ్ళీ రాసుకోండి" అన్నాడు.

నాంచారమ్మకి ఒళ్ళు మండిపోయింది. "మా అమ్మమ్మల నాటి పసుపురా అది. కడుగుతావా?" అని చీపురు తిరగేసింది. ఆయన చెప్పులు అక్కడే వదిలేసి పరిగెత్తాడు. ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వారు. నాంచారమ్మ ఆ ముచ్చట ఏడాదిపాటు కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంది.

ఆ తర్వాత ఒకరోజు పొద్దున్న నాంచారమ్మ చీపురు పట్టుకుని వెళ్ళేసరికి గుళ్ళో అమ్మవారు లేదు. దొంగలు గునపాలతో పెకలించి ఎత్తుకుపోయారు. ఊరు ఊరంతా లబోదిబోమన్నారు. పోలీసులొచ్చారు. "ఎలా ఉంటుంది మీ అమ్మవారు? ఫొటో ఉందా?" అని అడిగారు. "పచ్చగా ఉంటుంది" అన్నారు ఊరివాళ్ళు. ఇంకేం చెబుతారు మరి?

నాంచారమ్మ అన్నం మానేసింది. రోజూ వెళ్ళి ఆ ఖాళీ గుడి ఊడ్చి వచ్చేది. చీపురు తిరగేసిన రోజు తలుచుకుని తలుచుకుని ఏడిచేది.

కొన్ని నెలలు పోయాయి. అప్పుడు కబురొచ్చింది. దొంగలు లారీతో సహా దొరికిపోయారట. లారీలో ముగ్గురు అమ్మవార్ల విగ్రహాలున్నాయట. మూడూ జిల్లా మ్యూజియంలో పెట్టారట. మ్యూజియం అంటే తెలుసా, పాతకాలం నాటి వస్తువులన్నీ పదిలంగా దాచి ఉంచే పెద్ద మేడ. ఎవరి అమ్మవారిని వాళ్ళు ఆధారం చూపించి తీసుకెళ్ళొచ్చని కోర్టు గడువు పెట్టింది. గడువు దాటితే గోదాములో పెట్టి తాళం వేస్తారు. ఈ ఊరికి కబురు అందేసరికి ఆ గడువులో ఒక్కటంటే ఒక్క రోజు మిగిలింది.

నాంచారమ్మ, ఊరి ప్రెసిడెంటు రాఘవులూ పొద్దున బస్సుకే బయల్దేరారు. మ్యూజియంలో అడుగుపెట్టిన నాంచారమ్మ నిలబడిపోయింది. ఎటు చూసినా దేవుళ్ళే. వినాయకులు, విష్ణుమూర్తులు, నందులు. ఒకరికి చెయ్యి లేదు, ఒకరికి ముక్కు లేదు. "ఇంతమంది దేవుళ్ళున్నారు, ఒక్కరి ముందూ దీపం లేదేంట్రా రాఘవులూ" అంది.

అక్కడి ఆఫీసరమ్మ మంచి మనిషే గాని, కాగితం మనిషి. వాళ్ళని వెనక గదిలోకి తీసుకెళ్ళింది. అక్కడ మూడు విగ్రహాలు వరసగా ఉన్నాయి. నల్లటి రాయి, శుభ్రంగా ఉన్నాయి. పసుపు జాడే లేదు.

"పోలీసులు తెచ్చిన రోజున ఇలా లేవమ్మా" అని చెప్పింది ఆఫీసరమ్మ. "ఎవరూ గుర్తుపట్టకూడదని దొంగలు మూడింటికీ నల్ల రంగు దట్టంగా పూసేశారు. ఆ రంగు వదిలించేటప్పుడు కింద ఉన్నదంతా పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది. మా మస్తానయ్య మూడు నెలలు కూర్చుని శుభ్రం చేశాడు."

మస్తానయ్య ఒక మూల నిలబడి ఉన్నాడు. విగ్రహాలు శుభ్రం చెయ్యడం ఆయన పని. ఇనుము తాకిస్తే రాయికి గీత పడుతుందని వెదురు పుల్లలు చెక్కుకుని, దూది తడుపుకుని, గోరంత గోరంత తుడుస్తాడు. మాట్లాడడు. అలాంటివాళ్ళు ఉంటారు, మీ తాతయ్యలాగా.

"చూడండమ్మా, మీది ఏది?" అంది ఆఫీసరమ్మ.

నాంచారమ్మ చూసింది. మొదటి అమ్మవారి చేతిలో తామరపువ్వు ఉంది. రెండో అమ్మవారి చేతిలో కత్తి ఉంది. మూడో అమ్మవారు నవ్వుతోంది. ఆవిడ ఒళ్ళో ఒక చంటిపిల్లాడు కూర్చుని ఆవిడ మెడలో హారం పట్టుకుని లాగుతున్నాడు.

"ఈ మూడోది మాత్రం కాదు" అంది నాంచారమ్మ గట్టిగా. "ఈవిడ పిల్లల తల్లి. మా తల్లి ఒక్కతే ఉంటుంది, నాలాగే."

ఆఫీసరమ్మ అది కాగితం మీద రాసుకుంది. మస్తానయ్య మూడో విగ్రహాన్ని మెల్లగా పక్కకి జరిపాడు.

మిగిలిన రెండూ ఎంతసేపు చూసినా తెలియలేదు. అప్పుడు నాంచారమ్మ అడిగింది, "నా కళ్ళకి తెలీడం లేదు తల్లీ, నా చేతులకి తెలుస్తుంది. ఒక్కసారి ముట్టుకోనివ్వు." మ్యూజియంలో విగ్రహాల్ని ముట్టుకోకూడదు, అది అక్కడి రూలు. ఆఫీసరమ్మ కాసేపు ఆలోచించి, సరే కానివ్వమంది.

నాంచారమ్మ కళ్ళు మూసుకుంది. మొదటి అమ్మవారి బుగ్గలు తడిమింది. రెండో అమ్మవారి భుజాలు తడిమింది. చల్లటి రాయి. ఏదీ ఆవిడ చేతికి చుట్టం అనిపించలేదు. అప్పుడు తెలిసొచ్చింది ఆవిడకి. ఈ నలభై ఏళ్ళూ తను తడిమింది పసుపునే గాని అమ్మవారిని కాదు.

అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. రాఘవులు పక్కకి వంగి చెవిలో గుసగుసగా అన్నాడు, "అత్తా, ఏదో ఒకటి మనదేనని చెప్పెయ్యి. సాయంత్రమైతే తాళం పడిపోతుంది. ఉత్త చేతుల్తో ఊళ్ళోకి ఎలా పోతాం?"

నాంచారమ్మ వాడి వంక అదోలా చూసింది. "ఇంకో ఊళ్ళో కూడా ఎవత్తో నాలాగే ఖాళీ గుడి ఊడుస్తూ ఉంటుందిరా. ఆమె తల్లిని నేను ఎత్తుకుపోతే, ఆ లారీ వాళ్ళకీ నాకూ తేడా ఏముంది?" అంది.

ఆఫీసరమ్మ కలం మూసేసింది.

నాంచారమ్మ లేచింది. పైట చెంగుతో మొహం తుడుచుకుంది. "అయ్యిందేదో అయ్యింది. నా తల్లిని నేనే పోగొట్టుకున్నా. మీరు తీసేసిన పసుపు ఉందే, అదైనా గుప్పెడు ఇప్పించమ్మా. మా ఊరి ఆడవాళ్ళకి తలా చిటికెడు పంచుతా" అని అడిగింది.

"అదంతా చెత్తలో పారెయ్యమన్నానమ్మా, ఎప్పుడో పోయుంటుంది" అంది ఆఫీసరమ్మ, మెల్లిగా, నొచ్చుకుంటూ.

అప్పుడు మస్తానయ్య గొంతు సవరించుకున్నాడు. "పారెయ్యలేదండి" అన్నాడు. "ఎవరో ఆడవాళ్ళు చేత్తో రాసిన పసుపు. నలుగురు తొక్కే చోట పొయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. మేడమెట్ల కింద దాచాను. తప్పైతే క్షమించండి."

వెళ్ళి మూడు గుడ్డ మూటలు తెచ్చాడు. ఏ విగ్రహం మీద ఊడిన పెచ్చులు ఆ మూటలోనే కట్టి, నంబరు చీటీ కుట్టి ఉంచాడు. చూశావా, ఎవరూ చెప్పని పని ఎంత పొందిగ్గా చేశాడో.

మొదటి మూట విప్పారు. అందులో ఎర్రటి సింధూరం పెచ్చులు, నువ్వుల నూనె వాసన. "మాది కాదు" అంది నాంచారమ్మ.

రెండో మూట విప్పారు. అందులో సున్నం, విభూది, కర్పూరం మసి. "ఇదీ మాది కాదు."

మూడో మూట ముడి విప్పుతుండగానే పసుపు వాసన గుప్పుమంది. నాంచారమ్మ చెయ్యి పెట్టి తీసింది. పసుపు గడ్డలు. ఆ గడ్డల్లో ఎర్రగా, నల్ల మచ్చలతో, గురివింద గింజలు. తీసినకొద్దీ గింజలే. దోసిలి పట్టనన్ని గింజలు నేల మీద దొర్లాయి.

"ఇదిగో, మా ఊరు" అంది నాంచారమ్మ. ఆవిడ కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. "ఇవి మా పిల్లలమ్మా. బిడ్డకో గింజ. ఒరేయ్ రాఘవులూ, నీ గింజా ఇందులోనే ఉందిరా. మీ అమ్మకి పసుపు నేనే నూరిచ్చాను." మీసం మెలేసే ఆ రాఘవులు చిన్నపిల్లాడిలా ముక్కు ఎగబీల్చాడు.

ఆఫీసరమ్మ చీటీ చూసింది. "మూడో నంబరు" అంది. అందరూ ఒక్కసారే పక్కకి తిరిగారు, ఇందాక నాంచారమ్మ కాదుపొమ్మన్న పిల్లల తల్లి వైపు.

మస్తానయ్య మూటలోంచి ఒక పెద్ద పసుపు పెచ్చు ఏరి తీశాడు. బయటివైపు గింజలు గుచ్చి ఉన్నాయి. లోపలివైపు గుండ్రంగా గుంట పడి ఉంది. దాన్ని తీసుకెళ్ళి అమ్మవారి ఒళ్ళో ఉన్న పిల్లాడి తల మీద ఆనించాడు. టోపీ పెట్టినట్టు సరిగ్గా సరిపోయింది.

ఊళ్ళో తల్లులందరూ గింజలు నొక్కేది అక్కడే. అమ్మవారి పొట్ట అనుకునేవాళ్ళు. మొట్టమొదట అక్కడ గింజ నొక్కిన తల్లికి మాత్రం తెలుసు, ఆ ఒళ్ళో బిడ్డ ఉన్నాడని. ఆ తర్వాత వాళ్ళు పసుపు పులిమి పులిమి ఆ సంగతే మర్చిపోయారు.

"ఇంత చక్కని తల్లివి, ఇంత చక్కని బిడ్డనెత్తుకుని నవ్వుతూ ఉన్నావా" అంది నాంచారమ్మ. "నలభై ఏళ్ళు నీ ఎదురుగా ఉండి నేను చూడలేదు. ఇప్పుడు కూడా చూసి కాదుపొమ్మన్నాను. క్షమించు తల్లీ."

ఆఫీసరమ్మ రాసిన ముక్క కొట్టేసి, కొత్త కాగితం రాసి సంతకం పెట్టింది. నాంచారమ్మ మస్తానయ్య కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆయన ఎగిరి వెనక్కి గెంతాడు. "నీకేం కావాలి నాయనా?" అంటే, "నాకేం వద్దమ్మా, క్షేమంగా తీసుకెళ్ళండి" అన్నాడు.

ఆ తర్వాత పసుపులమ్మ ఊరికొచ్చింది. మేళాలు, ముగ్గులు, ఒకటే సందడి. ఆడవాళ్ళు పసుపు గిన్నెలతో వరస కట్టారు. నాంచారమ్మ అడ్డం నిలబడింది. "పసుపు పాదాలకే. గింజలు పక్కన మూకుట్లో వెయ్యండి. మొహం జోలికి ఎవరైనా వచ్చారా, నా చీపురు ఇక్కడే ఉంది" అంది. మారింది గాని, మరీ అంత మారలేదులే.

నైవేద్యానికి పరమాన్నం వండారు. అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నారు. నాంచారమ్మ మాత్రం ఒక కారియర్ గిన్నె నిండా ప్రసాదం పెట్టుకుని, తను ఒక్క మెతుకు ముట్టకుండా బస్సెక్కింది. తిన్నగా మ్యూజియానికి వెళ్ళింది.

మస్తానయ్య ఇంకా గోదాముకి పంపని ఆ మిగిలిన ఇద్దరు అమ్మవార్ల దగ్గర కూర్చుని దూదితో తుడుస్తున్నాడు. "తిను నాయనా, మా తల్లి ప్రసాదం" అంది.

మస్తానయ్య లేచి వెళ్ళి మోచేతుల దాకా మూడుసార్లు చేతులు కడుక్కుని వచ్చాడు. అయినా చెయ్యి చాపలేదు. "ఇరవై ఏళ్ళ నుంచి ఇక్కడ దేవుళ్ళకి స్నానం చేయిస్తున్నానమ్మా" అన్నాడు. "ఇన్నేళ్ళలో నాకు ప్రసాదం తెచ్చినవాళ్ళు లేరు."

అప్పుడు నాంచారమ్మ కారియర్ మూత తీసి, ముందు ఆ ఇద్దరు తల్లులకీ చూపించింది. తర్వాత ముద్ద కలిపి తన చేత్తో మస్తానయ్యకి తినిపించింది. తన పిల్లలకి తినిపించే భాగ్యం ఆవిడకి ఏనాడూ లేదు కదా. ఆ గదిలో ఏమీ తినకూడదని గోడ మీద రాసే ఉంది. గుమ్మంలో ఆఫీసరమ్మ నిలబడి అంతా చూసింది. చూసి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది.

గింజను నొక్కిన తల్లికి దణ్ణం,
మూటలు కట్టిన చేతికి దణ్ణం.
కథ వెళ్ళింది కంచికి,
మనమొచ్చాం మన ఇంటికి,
నిద్దర రావే కంటికి.